వర్చువల్ మెషీన్ నుంచి ఫైళ్లు నత్తనడకన వస్తున్నాయా? ముందు అంకె చూడండి

పర్లాకిమిడి బజారులో ఒక హోల్‌సేల్ కొట్టు. గోడౌన్ వెనక గదిలో సర్వరు, దానిమీద హైపర్-వి (ఒకే సర్వరుని చాలా సర్వర్లలా నడిపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరు), అందులో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు: ఒకటి అకౌంట్లకి, ఒకటి ఫైళ్లకి. బిల్లులు కొట్టే కుర్రాడు ఫోన్ చేసి ఒడియాలో "ధీరే జాఉఛి" (మెల్లగా పోతోంది) అంటాడు. పద్దులు చూసే పెద్దాయన వెనకనుంచి "ఏటండీ, కొత్త సర్వరు కొన్నాక పాతదే నయమనిపిస్తోంది" అంటారు. బరంపురం, గుణుపురం, రాయగడ, ఎక్కడికెళ్లినా రెండు భాషల్లోనూ ఇదే ఫిర్యాదు. నెమ్మదంటే ఎంత నెమ్మదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ అంకె తెలిస్తే సగం రోగం తెలిసినట్టే.

అందుకే సెట్టింగుల జోలికి పోకముందు 4 జీబీ ఫైలొకటి తీసుకుని, వైరు మీదున్న పీసీ నుంచి కాపీ చేసి చూడండి. వైఫై మీద పరీక్షలొద్దు. వేలకొద్దీ చిన్న బిల్లుల ఫోల్డరుతో కూడా వద్దు. ఒక్కో ఫైలుకీ తెరవడం, రాయడం, మూయడం అనే తతంగం ఉంటుంది, అక్కడ ఏ సర్వరైనా చతికిలబడుతుంది. కాపీ విండోలో మోర్ డీటెయిల్స్ నొక్కితే సెకనుకి ఎన్ని ఎంబీలో కనిపిస్తుంది. 1 గిగాబిట్ లైను మీద 110 దాకా రావాలి. లెక్క ప్రకారం 125, కానీ ప్యాకెట్ల మీద చిరునామాల్లాంటివి రాసే హెడర్లకి కొంత పోతుంది.

11 దగ్గర గీత గీసినట్టు ఆగితే

11, 12 ఎంబీల దగ్గర కదలకుండా నిలబడితే లింకు 100 మెగాబిట్‌కి పడిపోయిందన్నమాట. వీఎం లోపల 10 గిగాబిట్ అని కనిపించినా నమ్మకండి, అది వర్చువల్ స్విచ్ (వీఎంలని నెట్‌వర్కుకి కలిపే సాఫ్ట్‌వేరు) చెప్పే కబురు. హోస్టులో, అంటే వీఎంలని మోసే అసలు సర్వరులో, అసలు నెట్‌వర్కు కార్డు లింక్ స్పీడ్ ఎంతుందో చూడండి.

కారణం చాలావరకు వైరే. 100 మెగాబిట్‌కి 2 జతల తీగలు చాలు, గిగాబిట్‌కి 4 జతలూ తగలాలి. 100కి అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్కటి తెగినా కార్డూ స్విచ్చూ మాట్లాడుకుని 100కి దిగిపోతాయి, మనకి చెప్పవు. ఈ కొట్టులోనే ఒకసారి బియ్యం బస్తాల వెనక ఎలుక కొరికిన చోటు దొరికింది. నీలం తొడుగు మీద గోరంత గంటు, లోపల తెగింది గోధుమరంగు తీగ ఒక్కటే. 100 మెగాబిట్‌కి ఆ జతతో పనే లేదు, అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. వైరు మార్చండి, కాకపోతే స్విచ్‌లో పోర్టు మార్చండి. పిడుగులు పడ్డాక పోర్టులు ఇలాగే సగం చస్తాయి. స్పీడును చేత్తో బిగించకండి, ఆటోలోనే ఉంచండి.

హోస్టు కార్డు 1 గిగాబిట్ చూపిస్తున్నా వీఎం 11 దాటకపోతే, పాత జనరేషన్ 1 వీఎంకి లెగసీ నెట్‌వర్క్ అడాప్టర్ తగిలించారేమో చూడండి. దాని గరిష్ఠమే 100 మెగాబిట్. తీసేసి మామూలు అడాప్టర్ పెట్టండి.

హోస్టు పరిగెడుతుంది, వీఎం పాకుతుంది

అదే ఫైలును ఒకసారి హోస్టు షేరులోకి, ఒకసారి వీఎం షేరులోకి వేయండి. హోస్టుకి 110 వచ్చి వీఎంకి 2, 3 ఎంబీలే వస్తే వైరుని వదిలేయండి. ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. హోస్టుని విడిగా చూడాలన్న బుద్ధి పుట్టక సాయంత్రమంతా వైరు మార్చాను, స్విచ్ మార్చాను, పాతపట్నం వైపు ఆఖరి బస్సు పోగొట్టుకున్నాను. చివరికి వీఎంకి పింగ్ పెడితే (చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూస్తే) తెలిసింది. లోకల్‌లో 1 మిల్లీసెకను లోపు రావాల్సింది 40, 3, 90, 120 అని ఎగుడుదిగుడుగా వస్తోంది. హోస్టుకి పెడితే 1 లోపే.

ఆ హోస్టు నెట్‌వర్కు కార్డులో వీఎంక్యూ (వర్చువల్ మెషీన్ క్యూస్) ఆన్‌లో ఉంది. ఒక్కో వీఎంకి కార్డులోనే వేరే వరుస పెట్టి, ప్యాకెట్లని వేర్వేరు కోర్లకి పంచే ఏర్పాటది. 10 గిగాబిట్ కార్డుకి కావాలి. 1 గిగాబిట్‌ని ఒక్క కోరే మోసేస్తుంది, పైగా కొన్ని డ్రైవర్లకి ఈ పంపకం చేతకాదు. హోస్టులో డివైస్ మేనేజర్ తెరిచి, అసలు కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబులో వర్చువల్ మెషీన్ క్యూస్‌ని డిజేబుల్డ్ చేయండి. టీమింగ్ ఉంటే, అంటే కొన్ని కార్డులని కలిపి ఒకటిగా వాడుతుంటే, అన్ని కార్డులకీ. లింకు క్షణం తెగి కలుస్తుంది, బిల్లింగ్ వేళ చేస్తే తిట్లు తప్పవు. డ్రైవరు అప్‌డేట్ చేసినప్పుడల్లా మళ్లీ చూసుకోండి.

దాంతో తగ్గకపోతే లార్జ్ సెండ్ ఆఫ్‌లోడ్ (పంపే డేటాని ముక్కలు చేసే పని కార్డుకి అప్పగించడం), విండోస్ సర్వర్ 2019 నుంచైతే వర్చువల్ స్విచ్‌లోని ఆర్ఎస్‌సీ (వచ్చిన ప్యాకెట్లని కలిపి పెద్దవి చేయడం) కూడా అనుమానితులే. ఒక్కొక్కటే ఆపి కాపీ చేసి చూడండి. అన్నీ కలిపి ఆపేస్తే దొంగెవరో తేలదు. హైపర్-వి బదులు విఎంవేర్ వాడేవాళ్లు వీఎంకి ఈ1000 అనే వర్చువల్ కార్డు ఉంటే విఎంఎక్స్‌నెట్3కి, ప్రాక్స్‌మాక్స్ వాళ్లు వర్టయోకి మారండి. ప్రాక్స్‌మాక్స్ మీద విండోస్ వీఎం అయితే డ్రైవరు ముందే ఎక్కించండి.

జోరుగా మొదలై కూలబడితే

వీఎంలోకి రాస్తున్నప్పుడు మొదటి ఒకటి రెండు జీబీలు 110లో పోయి, తర్వాత 15కి, ఒక్కోసారి సున్నాకి పడి లేస్తుంటే తప్పు డిస్కుది. మొదట్లో మింగింది ర్యామ్, డిస్కు కాదు. అనుమానముంటే నెట్‌వర్కు వేగాన్ని మాత్రమే కొలిచే ఐపెర్ఫ్3 నడపండి, అది డిస్కుని ముట్టుకోదు. అక్కడ 940 మెగాబిట్ల దాకా వస్తే నెట్‌వర్కు నిర్దోషి.

మా వైపు నేను ముందు చూసేది రెయిడ్ కార్డు (డిస్కులని జట్టుగా నడిపేది) బ్యాటరీ. కిటికీ లేని గది, ఎండాకాలం, కరెంటు కోతలు, ఆ వేడికి బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. అది పోతే కార్డు రైట్-బ్యాక్ (ముందు తన మెమరీలోకి తీసుకుని, తర్వాత డిస్కు మీద రాయడం) మానేసి రైట్-త్రూకి మారిపోతుంది, ప్రతి అక్షరం డిస్కు మీద పడేదాకా ఆగుతుంది. రెయిడ్ 5లో ఆ దెబ్బ గట్టిగా తెలుస్తుంది. బ్యాటరీ మార్చండి. బ్యాటరీ లేకపోయినా రైట్-బ్యాక్ చేయమని బలవంతపెట్టే ఆప్షను ఉంటుంది, ఒక్క కరెంటు కోతకి డేటా పోతుంది, నేనైతే ముట్టుకోను.

బ్యాటరీ బాగుంటే, వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టే, ఎవరో ఎప్పుడో తీసి మరిచిన చెక్‌పాయింట్లు ఉన్నాయేమో చూడండి. హైపర్-వి మేనేజర్ నుంచే తొలగించండి. చెక్‌పాయింటు తర్వాతి మార్పులు దాచే ఏవీహెచ్‌డీఎక్స్ ఫైలుని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేశారో, వీఎం మీద ఆశ వదులుకోవడమే. హోస్టులో యాంటీవైరస్ ఉంటే వీఎం డిస్కులుగా పనిచేసే వీహెచ్‌డీఎక్స్, ఏవీహెచ్‌డీఎక్స్ ఫైళ్లని దాని స్కానింగులోంచి తప్పించండి.

ఇప్పుడు ఆ గది తలుపు వెనక సుద్దముక్కతో రాసి ఉంటుంది: హోస్టు 112, వీఎం 109. కింద తేదీ. కుర్రాడు ఫోన్ చేస్తే ముందు ఇవాళ్టి అంకె చెప్పమంటాను.