సోఫా భోజనం నుంచి మళ్లీ కిందకి దిగాలంటే

ఒళ్లో గిన్నె, అందులో అన్నం కూర అన్నీ ఒకేసారి కలిపేసి, ఒక చేతిలో స్పూను ఇంకో చేతిలో ఫోను, చాలా ఇళ్లల్లో రాత్రి భోజనం ఇప్పుడు ఇదే. దీన్నుంచి మళ్లీ కింద బాసింపట్టు వేసుకుని తినాలంటే మనసు ఈజీగానే ఒప్పుకుంటది, కాళ్లే ఒప్పుకోవు.

టైల్స్ మీద డైరెక్టుగా కూర్చుంటే చీలమండలు నొక్కుకుపోయి కాసేపటికే తిమ్మిరి, ఇంక తిండి మీద ధ్యాస ఎక్కడుంటది. చాప మీద దుప్పటి మందంగా మడతేసి కూర్చోండి, లేదంటే పీట, కింద కాస్త ఎత్తుంటే మోకాళ్లు వాటంతటవే దిగుతాయి, నడుం వంగదు. మొదట్లోనే పప్పు నుంచి పెరుగు దాకా పెట్టుకోవద్దు, పొద్దున ఇడ్లీయో ఉప్మానో తినండి చాలు, త్వరగా అయిపోద్ది.

అసలు పరీక్ష లేచేటప్పుడు. కుడిచెయ్యి ఎంగిలి, కాబట్టి ఎడంచేత్తోనే లేవాలి. బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ల వాళ్లు 2,002 మందిని నేల మీద కూర్చోబెట్టి లేపి చూశారు, 2012లో వచ్చిన స్టడీ, కూర్చోడానికి 5 మార్కులు లేవడానికి 5, చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక్కో మార్కు కట్. తక్కువ మార్కులొచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ. అలాగని కింద తింటే ఆయుష్షు పెరుగుద్దని దాంట్లో ఎక్కడా లేదు, వాట్సాప్‌లో తిప్పకండి. మీ కాళ్లు ఎంత దారికొచ్చాయో చూసుకోడానికి మాత్రం ఈ లెక్క బాగుంటది.

చెయ్యి సంగతికొస్తే, స్పూనుకి అలవాటైన వేళ్లు వేడి ఓర్చుకోలేవు, అన్నం కంచం అంచుకి పల్చగా పరిచి ఆరనిచ్చి, ముద్దపప్పు నెయ్యితో మొదలెట్టండి, ముద్ద గట్టిగా నిలబడుద్ది. సోఫాలో అయితే గిన్నె నోటి దగ్గరకే వచ్చేది, ఇక్కడ కంచం దూరం, చారన్నం సగం చొక్కా మీదే, అందుకని చారు ఆఖరికి ఉంచుకోండి, లేదా కంచం కింద ఇంకో పీట వేసుకోండి, తప్పేం లేదు.

ఫోను పక్క గదిలో పెట్టేయండి, ఎడంచెయ్యి ఖాళీగా ఉంది కదా అని తీశారో మళ్లీ మొదటికే.

మోకాళ్లు అరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఇవేం పెట్టుకోవద్దు, పెళ్లి పంక్తిలో ఎవరెంత బలవంతం చేసినా కుర్చీ అడిగి వేయించుకోండి.