మెదడు రసాయనాలు, 4వ పాఠం: డోపమైన్ కంటే ముందు అసిటైల్‌కోలిన్

ఈసారి డోపమైన్ చెప్తానన్నాను, కానీ చెప్పడం లేదు. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఇప్పుడే అందులోకి దిగితే ఇంకా చిక్కుపడతారనిపించింది. చాలామంది నోట్సులో రెండు గళ్ళు గీశారు. కణాన్ని రేపేవి ఒకదాంట్లో, అణిచేవి ఇంకోదాంట్లో. గ్లూటమేట్‌ని మొదటిదాంట్లో, గాబాని రెండోదాంట్లో పెట్టి, ఇప్పుడు డోపమైన్ ఎటు, సెరటోనిన్ ఎటు అని అడుగుతున్నారు.

ఎటూ కాదు. ముందు ఆ గళ్ళు కొట్టేయండి. రసాయనం ఏం చేస్తుందనేది అది వెళ్ళి అతుక్కునే రిసెప్టర్ (కణం మీదుండే ఒక ప్రొటీన్) చేతిలో ఉంటుంది. అదే వాన నారుమడికి ప్రాణం, కల్లంలో ఆరబోసిన మిర్చికి నష్టం. వాన మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే ఏం చెప్తాం?

గ్లూటమేట్ రేపేదే కదా అంటారేమో, కంట్లోకి చూడండి. చీకట్లో రెటీనాలోని రాడ్ కణాలు గ్లూటమేట్ వదులుతూనే ఉంటాయి, వెలుగు పడితే తగ్గిస్తాయి. వాటి సంకేతం అందుకునే ఆన్ బైపోలార్ కణాల మీద ఉన్న గ్లూటమేట్ రిసెప్టర్, అయాన్లు లోపలికీ బయటికీ పోయే ఛానళ్ళనే దారుల్ని మూయిస్తుంది కాబట్టి ఆ కణాలు గ్లూటమేట్ తగిలినంతసేపూ అణిగి ఉంటాయి, అది తగ్గినప్పుడే లేస్తాయి. గాబా కూడా అంతే. ఇంకా ఎదుగుతున్న మెదడులో కణం లోపల క్లోరైడ్ అనే రుణావేశ అయాన్ ఎక్కువగా ఉంటుంది, అందుకని గాబా ఛానల్ తెరిస్తే క్లోరైడ్ బయటికి పోయి కణం రేగుతుంది. పెద్దయ్యాక అదే ఛానల్ అదే కణాన్ని అణుస్తుంది.

ఇక అసిటైల్‌కోలిన్. నరాల కొనల నుంచి బయటికొచ్చే రసాయనం ఇది. దీని తయారీ, వెసికిల్ (దాన్ని నిల్వచేసే చిన్న సంచి), కాల్షియం సంగతులు రెండో పాఠంలో ఉన్నాయి, మళ్ళీ రాయను. 1921లో ఓటో లోవి ఒక కప్ప గుండెకు వెళ్ళే వేగస్ నరాన్ని ప్రేరేపించాడు, గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో గుండెకు పెడితే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది అసిటైల్‌కోలినే. ఇదే పదార్థం తొడ కండరం మీద పడితే కండరం బిగుస్తుంది. మరి దీన్ని ఏ గడిలో పెడతారు? ఈ పదార్థం పనులు రెండు రకాలుగా విడిపోతున్నాయని, కొన్ని మస్కరిన్ అనే పుట్టగొడుగు విషం చేసేవాటిలా, కొన్ని నికోటిన్ చేసేవాటిలా ఉన్నాయని హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త 1914లోనే గమనించాడు. 1936లో ఇద్దరూ కలిసి నోబెల్ అందుకున్నారు.

కండరం మీద ఉన్నది నికోటినిక్ రిసెప్టర్. అది తనే ఒక ఛానల్. తెరుచుకుంటే సోడియం లోపలికి వస్తుంది, కండరం బిగుస్తుంది, అంతా మిల్లీసెకన్లలో. గుండె మీదది మస్కరినిక్, ఎం2 రకం. అది కణం లోపల సంకేతం మోసే జీ ప్రొటీన్‌ని కదిలిస్తుంది, దాంతో పొటాషియం ఛానళ్ళు తెరుచుకుని పొటాషియం బయటికి పోతుంది, గుండె నెమ్మదిస్తుంది. లాలాజల గ్రంథి మీద ఎం3, అది కణం లోపల కాల్షియం పెంచి నీరు ఊరిస్తుంది. మూడు చోట్లా రసాయనం ఒకటే.

ఇది పరీక్ష కోసం గుర్తుపెట్టుకునే సంగతి కాదు. పొలంలో పురుగుమందు కొట్టేవాళ్ళకి మాస్కూ గ్లవుజులూ లేకపోతే ఆర్గానోఫాస్ఫేట్ మందు చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోతుంది. అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎస్టరేజ్ ఎంజైమ్‌ని అది కట్టేస్తుంది కాబట్టి అసిటైల్‌కోలిన్ అన్నిచోట్లా పోగుపడుతుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరు. ఇవన్నీ మస్కరినిక్ లెక్క. కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడటం నికోటినిక్ లెక్క. ఆస్పత్రిలో అట్రోపిన్ ఎక్కిస్తారు. ఊపిరితిత్తులు ఆరతాయి, గుండె లేస్తుంది, అయినా మనిషిని వెంటిలేటర్ మీద ఉంచారంటే ఇంటివాళ్ళు కంగారుపడి, మందు పనిచేయడం లేదా అని అడుగుతారు. పనిచేస్తోంది. కాకపోతే అట్రోపిన్ మస్కరినిక్ రిసెప్టర్‌నే మూస్తుంది, ఊపిరి పీల్చే కండరం మీద ఉన్నది నికోటినిక్. ఈ ఒక్క వాక్యం ఆ వరండాలో కూర్చున్నవాళ్ళకి ఎవరైనా నిదానంగా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

మెదడులో సంగతి క్లుప్తంగా. మెదడు అడుగున మైనర్ట్ కేంద్రకం అనే చోటు నుంచి అసిటైల్‌కోలిన్ తీగలు కార్టెక్స్ (మెదడు పైపొర) అంతా పరుచుకుంటాయి. ఆల్జీమర్స్‌లో ఈ కణాలు బాగా తగ్గిపోతాయి. డోనెపెజిల్ ఆ ఎస్టరేజ్‌నే కొంతమేర ఆపి, మిగిలిన అసిటైల్‌కోలిన్‌ని ఎక్కువసేపు నిలుపుతుంది. పార్కిన్సన్స్ వణుకుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీనికి ఎదురు, అది మస్కరినిక్‌ని మూస్తుంది. పెద్దవయసు వాళ్ళకి దాంతో నోరెండటం, మలబద్ధకం, మతిమరుపు ఎందుకొస్తాయో ఇక మీకే తెలియాలి. తెలిసింది కదా అని ఇంట్లోవాళ్ళ మందు ఆపేయకండి, డాక్టర్‌నే అడగండి.

నేనైతే కొత్త రసాయనం ఎదురైతే దాని పేరు మధ్యలో రాసి చుట్టూ రిసెప్టర్లు మాత్రమే రాసుకుంటాను. ఆనందానికి ఇది, నిద్రకి అది అని రంగులేసిన చార్టులు ఒక్కటి కూడా దగ్గర పెట్టుకోను, మీరూ పెట్టుకోకండి.

అభ్యాసం. కష్టంగానే ఇస్తున్నాను, పుస్తకం మూసి రాయండి. కంటిపాప, లాలాజల గ్రంథి, గుండె, పేగు, మూత్రాశయం, తొడ కండరం: ఈ ఆరింటికీ పురుగుమందు తగిలినప్పుడు ఏమవుతుంది, అట్రోపిన్ ఇచ్చాక ఏమవుతుంది, ఏ రిసెప్టర్ వల్ల? తర్వాత, ఉమ్మెత్త గింజలు తిన్న మనిషికి కంటిపాప పెద్దదై, నోరు ఎండి, గుండె దడదడలాడి, పిచ్చిమాటలు వస్తాయి. పిచ్చిమాటల్ని కూడా మీ లెక్కలో ఇమడ్చండి. ఆఖరిది, ఒక ముసలాయనకి ఒక డాక్టర్ మతిమరుపుకి డోనెపెజిల్ రాశారు, మాటిమాటికీ మూత్రం వస్తోందంటే ఇంకో డాక్టర్ మస్కరినిక్‌ని మూసే ఆక్సీబ్యుటినిన్ రాశారు. ఆ మూత్రం బాధ ఎక్కణ్ణుంచి మొదలై ఉండొచ్చు? రెండు మందులూ కలిస్తే మతికి ఏమవుతుంది? జవాబులో రేపేది, అణిచేది అన్న మాటలు రాకూడదు, ప్రతిచోటా రిసెప్టర్ పేరే రాయాలి.