మూడు ముక్కల టారో: ప్రశ్న కుదిరితేనే పేక పలుకుతుంది

చిలక జోస్యంలో ముక్క తీసేది చిలక, అర్థం చెప్పేది పంజరం పక్కనున్నాయన. టారో అనే బొమ్మల పేకలో ముక్క తీయడమూ, బొమ్మ చూసి ఆలోచించడమూ అడిగేవాళ్ల పనే. అందుకే ముందు ప్రశ్న కుదరాలి. అనంతపురం కుర్రాడు "బెంగళూరులో ఉద్యోగం వస్తుందా?" అని అడిగితే చదవడానికేమీ ఉండదు. "బెంగళూరు పోవాలంటే నేను దేనికి సిద్ధపడాలి?" అని అడగాలి. బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయి, ఈ జబ్బు తగ్గుతుందా లాంటివి పేకను అడగొద్దు. అవి భూగర్భ జలాలు తెలిసినవాళ్లనూ డాక్టరునూ అడగాల్సినవి.

మొత్తం 78 ముక్కలు. వాటిలో మేజర్ ఆర్కానా అనే 22 ముక్కలు బతుకులోని పెద్ద మలుపులవి. మిగతా 56 నాలుగు గుర్తులు, ఒక్కోదానికి 14. పేకాట తెలిస్తే పట్టుకోవడం తేలిక: కప్పులు ఆఠీను (మనసు, బంధాలు), కత్తులు ఇస్పేటు (ఆలోచన, తగాదా), కర్రలు కళావరు (పూనిక), నాణేలు డైమను (డబ్బు, పొలం). టారో పుట్టింది కూడా 15వ శతాబ్దపు ఇటలీలో పేకాటగానే. కొనేటప్పుడు 1909 నాటి రైడర్-వెయిట్ పేకే తీసుకోండి. పమేలా కోల్మన్ స్మిత్ అందులో అంకెల ముక్కలకూ మనుషుల బొమ్మలు గీసింది. బొమ్మే సగం అర్థం చెబుతుంది.

కొత్త పేక వరసలో వస్తుంది. చేతిలో పైపైన కలిపితే పక్కపక్క ముక్కలు గుంపుగానే మిగిలిపోతాయి. గుడ్డ పరిచి, బోర్లా పోసి, రెండు చేతులతో ఓ నిమిషం కలియతిప్పండి. ఎండాకాలం చెమట చేతులకు ముక్కలు అతుక్కుంటాయి, తుడుచుకోండి. తర్వాత సర్ది, కోసి, పైనుంచి మూడు తీసి ఎడమ నుంచి పరచండి: పరిస్థితి, అడ్డం, చేయదగ్గది. తలకిందులుగా వస్తే తిన్నగా తిప్పండి. తలకిందుల ముక్కకు చెప్పే వేరే అర్థాల జోలికి మొదటి మూణ్నెల్లు వద్దు.

ఆ కుర్రాడికి నాణేల నాలుగు, కత్తుల తొమ్మిది, నాణేల ఎనిమిది వచ్చాయనుకోండి. మొదటి దాంట్లో మనిషి ఒక నాణేన్ని కౌగిలించుకుని, రెండింటిని కాళ్ల కింద తొక్కిపట్టి కూర్చున్నాడు: ఉన్నది పోతుందని బిగపట్టాడు. రెండోది రాత్రి లేచి ముఖం కప్పుకున్న మనిషి: అడ్డం బయట లేదు, నిద్ర చెడగొట్టే దిగులే. మూడోది ఒక్కో నాణేన్నే చెక్కుతున్న పనివాడు: ముందు పని నేర్చుకో. విడివిడిగా అర్థాలు వల్లించకుండా ఇలా మూడింటినీ ఒక మాటగా కలపాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

మేజర్ ఆర్కానాలో 13వ ముక్క డెత్ (చావు) వస్తే చాలామంది వణికిపోతారు. చావని చెప్పి ఎవర్నీ భయపెట్టకండి. ఒకటి ముగిసి మరొకటి మొదలవడం దాని అర్థం, బొమ్మలో వెనకాల సూర్యుడు కూడా ఉన్నాడు. 16వది టవర్, పిడుగు పడి కూలుతున్న బురుజు. కొండారెడ్డి బురుజులా నిలిచేది కాదు, పునాది తప్పుగా కట్టుకున్నది.

నచ్చని ముక్క వచ్చిందని వెంటనే మళ్లీ తీయొద్దు. రెండోసారి వచ్చినదాన్ని మనసుకు నచ్చినట్టు చదువుకుంటారు. తేదీ, ప్రశ్న, మూడు ముక్కలు నోటుబుక్కులో రాసిపెట్టి, పరిస్థితి నిజంగా మారాకే అదే ప్రశ్న అడగండి.