మెర్వ్ 13 అడిగే ముందు మీ ఏసీ ఏ రకమో చూడండి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు ఇంటికి ఫోను చేసిన మర్నాడు నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా అబ్బాయి వాళ్లింట్లో మెర్వ్ 13 ఫిల్టరు వేయించాడట. మా ఏసీకి కూడా అదే వేసిపెట్టు బాబూ" అంటారు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఏసీలు బిగించి, సర్వీసు చేసి బతికేవాణ్ణి. ఫిల్టరు అమ్మితే నాకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. అయినా మీ మిషను ఏ రకమో చూడకుండా సరేననను.

అమెరికా ఇళ్లలో చలికాలపు వేడిగాలీ, ఎండాకాలపు చల్లగాలీ చాలాచోట్ల ఒకే బ్లోయరు నుంచి డక్టుల్లో, అంటే గాలి గొట్టాల్లో, గదులన్నిటికీ వెళ్తాయి. ఆ గాలి తిరిగి వచ్చే దారిలో ఫిల్టరు కూర్చునే గాడి ఉంటుంది. మెర్వ్ నంబరు అలాంటి చోట పెట్టే ఫిల్టర్లది, దుమ్మును ఎంత బాగా ఆపుతాయో చెప్పే అంకె. ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే రాసిన 52.2 ప్రమాణం ప్రకారం 1 నుంచి 16 వరకు ఇస్తారు. దుమ్మును మూడు సైజులుగా విడదీసి, ఒక్కోదాన్లో ఎంత శాతం ఆగిందో చూస్తారు: 3 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 1 నుంచి 3, ఇక 0.3 నుంచి 1.

మెర్వ్ 8 ఫిల్టరు పెద్ద రేణువుల్లో కనీసం 70 శాతం, మధ్యరకంలో 20 శాతం ఆపాలి. సన్నరకానికి షరతే లేదు. 11కు వస్తే ఇవి 85, 65, 20 శాతం. 13కు 90, 85, 50. పెద్ద దుమ్ము మాత్రమే మీ బాధ అయితే 8కీ 13కీ మధ్య తేడా మరీ ఎక్కువేమీ కాదు. అసలు తేడా పొగలాంటి సన్నటి రేణువుల్లో ఉంది. సగమేనా అని పెదవి విరవకండి. అది గాలి ఒక్కసారి ఫిల్టరు దాటినప్పటి లెక్క. ఇంట్లో గాలి గంటకు ఎన్నోసార్లు అదే దారిన తిరుగుతుంది.

మన హైదరాబాద్‌లో ముతకదీ సన్నదీ రెండూ ఆపాలి. కోకాపేట, తెల్లాపూర్ వైపు కట్టడాల దుమ్ము ముతకది. చలికాలంలో చెత్త కాల్చిన పొగ, వాహనాల పొగ, భోగిమంటల పొగ సన్నవి. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లూ అంతకంటే సన్నవీ అయిన రేణువులు, రోజంతటి సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15. సనత్‌నగర్, జూపార్కు, బొల్లారం లాంటి చోట్ల కొలిచే కేంద్రాలున్నాయి. మీకు దగ్గర్లోని కేంద్రం అంకెలు చూసుకుంటే మీ ఇంటికి ఏది అవసరమో తెలుస్తుంది.

ఇప్పుడు మీ గోడ మీది స్ప్లిట్ ఏసీ సంగతి. ముందు మూత ఎత్తితే కనిపించే ప్లాస్టిక్ జాలీకి మెర్వ్ నంబరే ఉండదు. అది గాలిని చల్లబరిచే కాయిల్‌కి దుమ్ము పట్టకుండా ఉన్నదే తప్ప మీ ఊపిరితిత్తుల కోసం కాదు. కొన్నిటిలో దాని మీద పీఎం 2.5 అని రాసిన సన్నటి పట్టీ ఒకటి తగిలిస్తారు. జాలీలో అది ఏ మూలకో పరిమితమైతే గాలి ఖాళీగా ఉన్న వైపు నుంచే వెళ్తుంది. ఏ ప్రమాణం ప్రకారం ఎంత శాతమని అడగండి. అమ్మేవాళ్లు మాట మారిస్తే ఆ పట్టీకి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంకొందరు ఫిల్టరు గుడ్డ కొని, కత్తిరించి, జాలీ మొత్తం మీద పరుస్తారు. స్ప్లిట్ ఏసీ బ్లోయరుకు ఆ గుడ్డలోంచి గాలిని లాగే బలం లేదు. గాలి తగ్గగానే కాయిల్ మరీ చల్లబడి మంచు కడుతుంది. ఏసీ ఆపాక అది కరిగి నీళ్లు గోడ వెంట కారతాయి. ఇది చూసి గ్యాస్ అయిపోయిందని చెప్పి డబ్బు గుంజేవాళ్లూ మా వృత్తిలో ఉన్నారు. ముందు ఆ గుడ్డ తీసేసి చూడండి.

విల్లాల్లోనూ పెద్ద ఫ్లాట్లలోనూ ఫాల్స్ సీలింగ్ పైన డక్టు ఏసీ ఉంటే మాత్రం మెర్వ్ మాట పనికొస్తుంది. కేటలాగులో ఎక్స్‌టర్నల్ స్టాటిక్ ప్రెషర్ అనే అంకె వెతకండి, బయటి అడ్డును తట్టుకుని బ్లోయరు ఎంత బలంగా గాలిని తోయగలదో అది చెబుతుంది. పాస్కల్స్‌లో గానీ, నీటి మిల్లీమీటర్లలో గానీ ఉంటుంది. ఒక మిల్లీమీటరంటే దాదాపు 10 పాస్కల్స్. డక్టులు, గ్రిల్లులు, ఫిల్టరు అన్నీ కలిపి పెట్టే అడ్డు ఆ అంకె లోపే ఉండాలి. ఫిల్టరు ఎంత అడ్డుపెడుతుందో దాని అట్ట మీద ఉంటుంది. అది కొత్త ఫిల్టరుది, మురికి పట్టాక పెరుగుతుంది. సన్నపాటి మిషన్లకు ఒక అంగుళం మందం మెర్వ్ 13 చాలాసార్లు భారమే. చోటుంటే రెండు, నాలుగు అంగుళాలది వేయండి. మడతలు లోతుగా ఉంటాయి కాబట్టి గాలి దాటే వైశాల్యం పెరిగి అడ్డు తగ్గుతుంది. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి అనుకుంటే, 2 టన్నుల మిషనుకు 20 అంగుళాలు ఇంటూ 20 అంగుళాల ఫిల్టరు కంటే చిన్నది పెట్టనివ్వను. ఫ్రేము మీది బాణం బ్లోయరు వైపు ఉండాలి. ఫ్రేము పక్కన వేలు దూరే సందు ఉంటే, ఎంత నంబరు కొన్నా గాలి ఆ సందులోంచే పోతుంది.

పెట్టె మీద మెర్వ్ బదులు ఎఫ్7 అని ఉంటే అది పాత యూరప్ లెక్క, ఇంచుమించు మెర్వ్ 13కు సమానం. ఐఎస్‌ఓ 16890 లేబుల్ అయితే నాకు మరీ ఇష్టం. ఈపీఎం1 50 శాతం అని, అంటే 1 మైక్రాన్ వరకు ఉన్న రేణువుల్లో సగం ఆపుతుందని, సైజూ శాతమూ కలిపే చెబుతుంది. సూట్‌కేసులో అమెరికా నుంచి వచ్చే ఎఫ్‌పీఆర్, ఎంపీఆర్ అంకెలు మాత్రం అక్కడి ఒక్కో దుకాణానివి, కంపెనీవి. మెర్వ్‌తో కలిపి చూడకండి.

హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపేది. అంతకంటే సన్నవి దూరిపోవా అని అడుగుతారు. ఫిల్టరు జల్లెడ లాంటిది కాదు. మరీ సన్నవి గాలిలో అటూఇటూ కొట్టుకుంటూ పోగులకు తగిలి అంటుకుంటాయి. ఆపడానికి అన్నిటికంటే కష్టమైనవి ఆ 0.3 దగ్గరివే. హెపా ఇంటి ఏసీలో కుదరదు, ప్యూరిఫయరులో కొనండి. 'హెపా టైపు' అన్న మాటకు విలువ లేదు. దాని సీఏడీఆర్, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, గది చదరపు అడుగుల అంకెలో మూడింట రెండు వంతులుండాలి. అది 8 అడుగుల ఎత్తు గదికి. మన స్లాబు 10 అడుగులైతే పావు వంతు కలపండి. 12 ఇంటూ 12 గదికి 120, అంటే గంటకు 200 ఘనపు మీటర్లకు కాస్త పైన. ఆస్తమా ఉన్నవాళ్లు స్ప్లిట్ ఏసీతో తంటాలు పడకుండా ఈ దారి పట్టడమే మేలు. వాసనలను మాత్రం ఇవేవీ ఆపవు, వాటికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి.

వంటగదికి తలుపు లేని హాల్లో ఏసీ జాలీ ముట్టుకుంటే వేలికి జిడ్డు తగులుతుంది. పోపుల పొగ అది. దుమ్ము దానికి అంటుకుని నల్లటి పొరలా ఊడుతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. సలసల కాగే నీళ్లు పోస్తే జాలీ వంకరపోతుంది. నీడలో ఆరబెట్టండి. ఎండాకాలంలో రెండు వారాలకోసారి, ఎదురుగా బిల్డింగు లేస్తుంటే వారానికోసారి కడగండి. మడతల ఫిల్టరును, హెపాను మాత్రం కడగకూడదు, మార్చడమే. మార్చిన తేదీని స్కెచ్ పెన్నుతో ఫ్రేము మీదే రాయండి. ఫోనులో రాసుకుంటే వచ్చిన మెకానిక్‌కి కనిపించదు.