హోటల్ స్టాఫ్‌కు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకు ఒక మాట

నల్గొండ, సూర్యాపేట, జడ్చర్ల వైపు హోటళ్లకు కస్టమర్ సర్వీస్ ట్రైనింగ్ ఇద్దామనుకునేవాళ్లు ముందు ప్రొజెక్టర్, హాల్ అద్దె ఖర్చులు మానేయండి. భోజనాల రద్దీ తగ్గాక, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు లోపు, ఆ హోటల్లోనే, ఆ టేబుళ్ల దగ్గరే నేర్పించండి. గిరాకీ దెబ్బతినదు కాబట్టి ఓనర్ కూడా తొందరగా ఒప్పుకుంటాడు.

65వ నంబర్ హైవే మీద బస్సు ఆగిందంటే జనమంతా ఒక్కసారే దిగుతారు, డ్రైవర్ హారన్ కొడతాడేమోనని తినేదాకా వాళ్లకు టెన్షనే. అక్కడ "వెల్‌కమ్ సార్" కన్నా, కూర్చోగానే "ఇడ్లీ, పూరీ రెడీగా ఉన్నాయి, దోసెకు పది నిమిషాలు పడుతుంది" అని చెప్పడమే అసలు మర్యాద. నా లెక్కలో ట్రైనింగ్‌లో సగం టైం దీనికే ఇవ్వాలి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లలుంటే ఈ మాటలే తెలుగులో, "మీరు" అంటూ, నోటికొచ్చేదాకా పలికించండి.

క్యాషియర్‌ను మాత్రం వదిలేయకండి. సర్వీస్ ఛార్జీని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపొద్దని సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, కస్టమర్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఇది ఓనర్‌కు కూడా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

ఫీజు సగం ముందు తీసుకోండి, మిగతాది మీరు ఒక ఆదివారం రద్దీలో మళ్లీ వెళ్లి, పక్కన నిలబడి చూసి, తప్పులు సరిచేశాక.