నడిచేవారి పాదాల సంరక్షణ, మేజోళ్ళ ఎంపిక

రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడిచేవారూ, సెలవుల్లో నల్లమల దారుల్లోనో అరకు కొండల్లోనో తిరిగేవారూ బూట్లు కొనేటప్పుడు ఎంతో ఆలోచిస్తారు గాని, చర్మానికి అంటిపెట్టుకొని ఉండే మేజోళ్ళ విషయంలో మాత్రం చేతికి అందినవి తొడుక్కొని బయలుదేరుతారు. బొబ్బలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

అడుగు వేసినప్పుడల్లా లోపల ఎముక ముందుకూ వెనక్కూ కదులుతుంది. చెమటకు నానిన పైచర్మం మాత్రం మేజోడుకు అతుక్కొని ఉండిపోతుంది. ఈ రెంటి నడుమ నలిగిన చర్మపు పొరలు విడిపోయి, ఆ సందులో నీరు చేరితే అదే బొబ్బ. కాబట్టి ముందుగా తగ్గించవలసింది తడిని. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తమలోనే దాచుకొంటాయి, తొందరగా ఆరవు. గంటకు మించి నడిచేవారికి అవి పనికిరావనే నా అభిప్రాయం. నైలాన్, పాలిస్టర్ కలిసినవి త్వరగా ఆరుతాయి. మన ఎండలకు ఉన్ని ఏమిటని చాలామంది సందేహిస్తారు గాని, మెరినో అనే జాతి గొర్రెల పలుచటి ఉన్ని తడిసినా ఒంటికి జిగటగా అంటదు, వాసన కూడా తక్కువ. ధర ఒక్కటే ఇబ్బంది.

కొనేముందు మేజోడును తిరగేసి, వేళ్ళ దగ్గరి కుట్టును బొటనవేలితో తడిమి చూడండి. అది తాడులా ఉబ్బెత్తుగా తగిలితే, మైళ్ళ కొద్దీ నడకలో చిటికెనవేలిని ఒరుసుకొంటూనే ఉంటుంది. తొడుక్కున్నాక మడమ భాగం చీలమండ వెనుకకు ఎక్కితే సైజు పెద్దదన్నమాట. మిగిలిన గుడ్డ బూటులో ముడత పడుతుంది. మేజోడు అంచు బూటు అంచుకన్నా ఎత్తుగా ఉండాలి. మందపు మేజోళ్ళు వాడేవారు బూట్లను కూడా వాటితోనే, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, తొడిగి చూసుకొని కొనాలి.

దారిలో ఎక్కడైనా చురుక్కుమంటే గమ్యం దగ్గరలోనే ఉందని సాగదీయకుండా వెంటనే ఆగి, బూటు విప్పి, ఇసుక దులిపి, పాదం తుడిచి, ఆ చోట ప్లాస్టరు ముడత లేకుండా అతికించాలి. ప్లాస్టరు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే త్వరగా ఊడిరాదు. సంచిలో పొడి జత ఒకటి ఉంచుకొని, తడిసినవి మార్చుకోవాలి. కొండ దిగేముందు చీలమండ దగ్గర లేసులు బిగించకపోతే, వేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకొని గోళ్ళు నల్లబడతాయి.

ఇంటికి చేరాక పాదాలు కడిగి, వేళ్ళ సందులు పూర్తిగా ఆరేలా తుడవాలి, ఎందుకంటే తామర చేరేది ఆ తడిలోనే. మడమ పగుళ్ళకు క్రీము మంచిదే గాని, దానిని వేళ్ళ సందుల్లో రాయకూడదు. గోళ్ళను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి. చిన్న బొబ్బను చిదమకూడదు. దానంతట అదే పగిలితే పైచర్మాన్ని పీకకుండా, సబ్బునీటితో శుభ్రపరచి కట్టు కట్టాలి.

మధుమేహం ఉన్నవారికి ఈ జాగ్రత్తలు మాత్రమే చాలవు. వారిలో చాలామందికి పాదాల స్పర్శ మందగిస్తుంది గనుక ముల్లు గుచ్చుకొన్నా, బొబ్బ పగిలినా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అద్దం సాయంతోనో ఇంట్లోవారి సాయంతోనో అరికాళ్ళు చూసుకోవాలి; ఆనెలను బ్లేడుతో కోసుకోకూడదు; చిన్న పుండు కనిపించినా నడక ఆపి, ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.