మాస్టారి సీతాకోకచిలుకల పెట్టె మీ చేతికొస్తే

మూత తీసే ముందు ఫ్యాన్ కట్టేయండి. ఎండిన సీతాకోకచిలుక మీసాలు ఆ గాలికే విరిగిపోతాయి. మద్రాసు కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరుగా చేరిన రోజు మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. ఆయనా నేనూ నెల్లూరు వైపు వాళ్లం. ఆయన పోయాక అమ్మగారు మూడు పెట్టెలూ నాకే అప్పగించారు. ఇప్పుడవి పెరంబూరులో మా ఇంట్లో ఉన్నాయి.

ముందు పెట్టె అడుగు చూడండి. సీతాకోకచిలుకని గుచ్చిన సూది కింద గోధుమరంగు పొడి రాలి ఉంటే లోపల పురుగు తింటోందన్నమాట. ఒంటినిండా నూగుండే చిన్న పెంకుపురుగు పిల్ల అది. కలరా ఉండలు వేసి ఊరుకోకండి, ఉన్న పురుగు వాటికి చావదు. పైగా ఉండ దొర్లిందంటే రెక్క చిరుగుతుంది. పెట్టెని ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు. విప్పితే మన ఊరి గాలిలో తేమంతా రెక్కల మీద నీరై కూర్చుంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బూజు భయం. తేమ పీల్చే సిలికా జెల్, గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు పెట్టండి. ముల్లు 50 దగ్గరుంటే నిశ్చింత, 65 దాటితే ఆ రోజే జెల్ మార్చాలి. ఎండ సోకనివ్వొద్దు.

పాత ఇత్తడి సూదులకు పచ్చటి చిలుము కనిపిస్తుంది. సీతాకోకచిలుక ఒంట్లోని కొవ్వు సూదిలోని రాగితో కలిసి అలా అవుతుంది. సూదిని లాగకండి, ఛాతీ చీలిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, సూదికి గుచ్చిన చీటీ. ఎక్కడ, ఏ రోజు, ఎవరు పట్టారో అందులోనే ఉంటుంది. కొత్తలో నేను మరకలు పడ్డ రెండు చీటీలు తీసేసి, ముత్యాల్లా రాసి గుచ్చాను. ఒకదాని తేదీ 1వ తారీఖో 7వ తారీఖో నాకే తెలియలేదు. మాస్టారు అరవలేదు, చెత్తబుట్ట బోర్లించి వెతికారు. దొరకలేదు. ఆ రెండూ ఇంకా పెట్టెలో ఉన్నాయి, పరిశోధనకి పనికిరాకుండా.

మన కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టే పాపిలియో పాలిటిస్ అనే సీతాకోకచిలుకకి 1758లో పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్. ఆయన దాచిన సీతాకోకచిలుకలు లండన్ లినియన్ సొసైటీలో నేటికీ ఉన్నాయి. పాత పేరు దేనిదో తేల్చాల్సి వస్తే అలా దాచినవే తీసి చూస్తారు.

కొత్తవి పట్టి చేర్చకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా జాతుల్ని కాపాడుతోంది. మ్యూజియానికి ఇవ్వదలిస్తే పెట్టె, చీటీలు, నోటుబుక్కు విడదీయకుండా ఇవ్వండి. అంతకుముందు ఒక్కోదాన్నీ చీటీతో కలిపి ఫోటో తీసుకోండి. నాకింకా ఒక పెట్టె మిగిలింది.